ఉమ్మడి ఎలక్ట్రానుల కథ

ఉదజని వాయువును సూచించుటకు హెచ్ అను అక్షరమును వ్రాసి, దాని పాదమున 2 అను అంకెను చేర్చుట పాఠశాల విద్యార్థికి కూడ తెలిసిన విషయమే. ఉదజని పరమాణువులు ఒంటరిగా నిలువవు, రెండేసి చొప్పున కలిసి అణువులుగా ఏర్పడునని దాని అర్థము. ఇంత చిన్న అంకె రసాయనశాస్త్రమున స్థిరపడుటకు సుమారు 50 సంవత్సరములు పట్టెను. ఆ రెండు పరమాణువులను కలిపి ఉంచునది ఏమో తెలియుటకు మరి 67 సంవత్సరములు పట్టెను. ఈ ఆలస్యమునకు కారణము శాస్త్రజ్ఞుల అలసత్వము కాదు. వారి చేతిలోనున్న సిద్ధాంతము సగము విషయములను మిక్కిలి చక్కగా వివరించుటయే దీనికి ముఖ్య కారణము.

1807లో హంఫ్రీ డేవీ కరగించిన క్షారములగుండ విద్యుత్ప్రవాహమును పంపి పొటాసియము, సోడియము లోహములను విడదీసెను. విద్యుత్తు విడదీయగలిగిన దానిని విద్యుత్తే కలిపి ఉంచుచుండవలెనని పలువురికి తోచెను. స్వీడను దేశీయుడగు బెర్జీలియసు ఈ ఊహను ఒక సిద్ధాంతముగా తీర్చెను. ప్రతి పరమాణువునందును ధన విద్యుత్తు గాని, ఋణ విద్యుత్తు గాని అధికముగా ఉండును. విజాతి విద్యుత్తులు ఆకర్షించుకొనును. ఆ ఆకర్షణయే రసాయన సంయోగము. ఉప్పు వంటి లవణముల విషయమున ఇది చక్కగా సరిపోయెను. కాని దీనినుండి తప్పించుకొనరాని ఫలితము ఒకటి కలదు. ఉదజని పరమాణువు మరియొక ఉదజని పరమాణువుతో కలియరాదు. రెండింటి విద్యుత్తు ఒక్కటే. అవి ఒకదానినొకటి నెట్టివేసికొనవలెను గదా!

ఇటలీ దేశీయుడగు అవొగాడ్రో 1811లో ఇందుకు విరుద్ధమైన మాట చెప్పెను. ఒక లీటరు ఉదజనియు, ఒక లీటరు క్లోరినును కలిసినపుడు రెండు లీటర్ల ఉదజని క్లోరైడు వాయువు ఏర్పడును. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనము గల వాయువుల సమాన ఘనపరిమాణములలో అణువుల సంఖ్య సమానమని అనుకొందము. అప్పుడు నూరు ఉదజని అణువులనుండి రెండు వందల క్రొత్త అణువులు రావలెను. వానిలో ప్రతిదానియందును ఉదజని ఉండవలెను. కనుక ప్రతి ఉదజని అణువును రెండు భాగములు కావలసినదే! ఇది సులభమైన లెక్క. అయినను సజాతి పరమాణువులు కలియవను నమ్మకము బలముగా ఉండుటచే ఈ లెక్కను పట్టించుకొన్నవారు అరుదు.

దీనివలన కలిగిన నష్టము చిన్నది కాదు. నీటి అణువులో ఉదజని పరమాణువులు ఒకటియా, రెండా అను విషయమున ఏకాభిప్రాయము లేకపోయెను. కర్బనపు పరమాణు భారము కొందరికి 6, మరికొందరికి 12. వినెగారులోని ఎసిటిక్ ఆమ్లమునకు వేర్వేరు శాస్త్రజ్ఞులు వ్రాసిన 19 సూత్రములను కెకూలే 1861లో తన పాఠ్యగ్రంథమున వరుసగా చూపెను. ఈ ఆమ్లమే బెర్జీలియసు సిద్ధాంతమునకు మరియొక చిక్కు కూడ తెచ్చిపెట్టెను. ఫ్రాన్సులో డ్యూమా దానిలోని మూడు ఉదజని పరమాణువులను తొలగించి, వాని స్థానమున క్లోరిను పరమాణువులను నిలిపెను. ధన విద్యుత్తు గలదని చెప్పబడిన దాని స్థానమున ఋణ విద్యుత్తు గలది వచ్చినను, పదార్థపు ముఖ్య లక్షణములు మారలేదు. తుదకు 1860లో జర్మనీలోని కార్ల్‌స్రూహె నగరమున జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల సభలో కన్నిజారో అవొగాడ్రో వాదమును బలముగా సమర్థించెను. అటుపిమ్మట ఉదజని ప్రక్కన 2 స్థిరపడెను.

ఇంతలో మరియొక భావము రూపొందుచుండెను. ప్రతి మూలకపు పరమాణువునకును ఇతర పరమాణువులతో కలియుటకు ఒక పరిమిత సామర్థ్యము గలదని ఫ్రాంక్‌లండు 1852లో గుర్తించెను. దీనినే సంయోజకత అందురు. కర్బనపు సంయోజకత నాలుగని 1858లో కెకూలే, కూపర్ వేర్వేరుగా తెలిపిరి. కూపర్ పరమాణువుల నడుమ గీతలు గీసి చూపెను. ఆ గీతల సాయముతో వేలకొలది కర్బన పదార్థముల నిర్మాణము తేటపడెను. అయినను గీత అనగా నేమి? దానికి మాత్రము సమాధానము లేదు.

1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనుటతో విద్యుత్సిద్ధాంతమునకు తిరిగి ప్రాణము వచ్చెను. సోడియము ఒక ఎలక్ట్రానును ఇచ్చును, క్లోరిను దానిని పుచ్చుకొనును. ధన, ఋణ అయానులు ఆకర్షించుకొనును. ఉప్పు కథ ఇంతటితో ముగిసెను. కాని ఉదజనిలో ఇచ్చునదెవరు? పుచ్చుకొనునదెవరు? పాత ప్రశ్నయే మరల ఎదురాయెను.

సమాధానమునకు దారి చూపినవాడు అమెరికా దేశీయుడగు జి. ఎన్. లూయిస్. 1902లోనే ఆయన పరమాణువును ఒక ఘనముగా భావించి, దాని ఎనిమిది మూలలయందు ఎలక్ట్రానులను ఉంచి బొమ్మలు గీసికొనెను. 1916లో బర్క్‌లీ నుండి ప్రకటించిన వ్యాసమున అసలు విషయము చెప్పెను. పరమాణువులు ఎలక్ట్రానులను ఇచ్చి పుచ్చుకొననవసరము లేదు, పంచుకొనవచ్చును. రెండు పొలముల నడుమ ఉమ్మడి బావి ఉన్నదనుకొందము. ఇద్దరు రైతులును ఆ బావి తమకున్నదనియే చెప్పుదురు. ఇద్దరి మాటయు నిజమే. అట్లే రెండు పరమాణువుల నడుమనున్న ఎలక్ట్రానుల జంట రెండింటి లెక్కలోను చేరును. కూపర్ గీసిన గీతకు అర్థము ఈ జంటయే.

జంటయే ఎందుకు? లూయిస్ ఒక సామాన్య విషయమును గమనించెను. తెలిసిన అణువులలోని ఎలక్ట్రానులను లెక్కించినచో దాదాపు అన్నింటను సరి సంఖ్యయే వచ్చును. నీటిలో 10, అమ్మోనియాలో 10, బొగ్గుపులుసు వాయువులో 22. బేసి సంఖ్య గలవి బహు కొద్ది. 15 ఎలక్ట్రానులు గల నైట్రిక్ ఆక్సైడు అట్టిది. అందుచేత ఎనిమిది అను నియమముకంటె రెండు అను నియమమే మౌలికమని ఆయన తలచెను. 1919లో లాంగ్‌మ్యూర్ ఈ సిద్ధాంతమును విస్తరింపజేసి, పంచుకొనుటవలన కలుగు సంయోజకతకు ప్రత్యేకముగా ఒక పేరు పెట్టెను. తెలుగులో దానినే సమయోజనీయత అనుచున్నాము.

అయినను ఒక ఆక్షేపణ మిగిలియుండెను. ఎలక్ట్రానులు రెండును ఋణ విద్యుత్తు గలవి. అవి ఒకదానినొకటి నెట్టుకొనక జంటగా ఉండుటేమి? దీనికి పాత భౌతికశాస్త్రమున సమాధానము లేదు. 1926లో ష్రోడింగర్ తరంగ సమీకరణము వెలువడిన మరుసటి సంవత్సరమే, జూరిచ్ నగరమున హైట్లర్, లండన్ అను ఇద్దరు యువకులు దానిని ఉదజని అణువునకు అన్వయించిరి. ఎలక్ట్రానులను ఒకదానినుండి మరియొకదానిని వేరుగా గుర్తించుట సాధ్యము కాదు. కనుక మొదటి ఎలక్ట్రాను మొదటి పరమాణువుది, రెండవది రెండవదానిది అని వ్రాసిన లెక్క అసంపూర్ణము. అవి స్థానములు మార్చుకొన్న రూపమును కూడ చేర్చవలెను. అట్లు చేర్చినపుడు, రెండు ఎలక్ట్రానుల స్పిన్‌లు పరస్పర వ్యతిరేకముగా ఉన్నచో అణువు శక్తి తగ్గి బంధము ఏర్పడును. ఒకే దిశలో ఉన్నచో పరమాణువులు విడిపోవును. నెట్టుకొనుట లేకపోలేదు, కాని రెండు కేంద్రకముల నడుమ వ్యాపించుటవలన కలుగు లాభము దానిని మించును.

ఈ పద్ధతిలో పూర్తిగా లెక్కించినచో బంధమును తెంచుటకు కావలసిన శక్తి సుమారు 3.1 ఎలక్ట్రాను వోల్టులని వచ్చెను. నిజమైన విలువ సుమారు 4.75. లెక్క తక్కువే అయినను, బంధము ఉండవలెనని సమీకరణమే చెప్పుట అదే మొదలు. 1933లో జేమ్స్, కూలిడ్జ్ మరింత శ్రమించి 4.72 వరకు చేరిరి. ఆ అణువులో కేంద్రకముల నడిమి దూరము 0.74 ఆంగ్‌స్ట్రాములు, అనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతుకంటెను తక్కువ.

లూయిస్ చుక్కలకు కూడ హద్దు కలదు. ఆయన పద్ధతిలో ఆమ్లజని అణువును వ్రాసినచో ఎలక్ట్రానులన్నియు జంటలుగానే ఉండును. కాని ద్రవరూపమున ఉన్న ఆమ్లజని అయస్కాంతమునకు అంటుకొనును; జంటపడని ఎలక్ట్రానులు రెండు దానియందు కలవు. 1929లో లెనార్డ్-జోన్స్ అణుకక్ష్యల పద్ధతితో దీనిని వివరించెను. మరియు ఇచ్చుటకును పంచుకొనుటకును నడుమ గట్టి సరిహద్దు లేదు. ఉదజని క్లోరైడులో ఉమ్మడి జంట క్లోరిను వైపునకు కొంత ఒరిగియుండును. బెర్జీలియసు చెప్పిన విద్యుద్భేదము ఇక్కడ తన వంతు పని చేయుచునే యున్నది.

బంధము గీతను గీయునపుడు విద్యార్థులు సాధారణముగా ఒక ఎలక్ట్రాను ఈ పరమాణువుది, రెండవది ఆ పరమాణువుది అని గుర్తు పెట్టుదురు. లెక్క సరిచూచుకొనుటకు అది మంచిదే. కాని ఉదజని అణువు ఏర్పడిన తరువాత ఏది ఎవరిదని అడుగుటకు అర్థము లేదు. ఉమ్మడి బావి పోలిక కూడ ఇక్కడ నిలువదు; బావిని త్రవ్వినప్పుడు ఎవరి వంతు ఎంతయో రైతులకు తెలియును, ఎలక్ట్రానులకు అట్టి ఆనవాలు ఏదియు లేదు.