నేల కథలు – 9: నాటిన అడవి ఎవరిది?



మొక్క నాటడాన్ని మనం తప్పుపట్టం. నాటిన అడవి కలప ఇస్తుంది, మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది, సహజ అడవి మీద గొడ్డలి వేటు తగ్గిస్తుంది. సుస్థిర అభివృద్ధి పేరుతో ప్రభుత్వాలు చెప్పేది ఇదే. మనం అడగాల్సింది వేరు. ఎవరి నేలలో నాటారు? ఎవరి అవసరానికి నాటారు?

మన దేశంలో ప్రభుత్వం వేయించిన తొలి అడవుల్లో మలబారులోని నీలంబూరు టేకు తోట ఒకటి. 1840లలో ఓడలకు టేకు కావాలని కలెక్టర్ కనోలీ వేయించాడు. దగ్గరుండి పెంచింది చాతు మీనన్. వాళ్ళిద్దరి పేర్లూ చరిత్రలో ఉన్నాయి. గుంతలు తీసిన కూలీల పేర్లు ఎవరూ చెప్పుకోరు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా లెక్క పెద్దగా మారలేదు. అడవి పక్క ఊళ్ళ అవసరాలు జాతీయ ప్రయోజనాలకు అడ్డు రాకూడదని 1952 అటవీ విధానం తేల్చింది. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ ఇంకో అడుగు వేసింది. అటవీ భూముల్లో పరిశ్రమలకు పనికొచ్చే చెట్లు పెంచాలి, ఊరివాళ్ళ వంటచెరకూ పశుగ్రాసమూ ఊరి ఉమ్మడి భూముల్లో ‘సామాజిక అడవులు’గా పెంచుకోవాలి అంది. అప్పటికే, 1975లో, ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఖమ్మం జిల్లాలో జామాయిల్ తోటలు పరుచుకున్నాయి.

ఊరి ఉమ్మడి భూమి అంటే ఏమిటి? బంజరు, పోరంబోకు, గుట్ట. రికార్డులో అది పనికిరాని నేల. సెంటు భూమి లేని మాల, మాదిగ ఇళ్ళకు మేక మేసేదీ, పుల్ల ఏరుకునేదీ అక్కడే. జామాయిల్ ఆకును మేక ముట్టదు.

కర్ణాటకలో ఈ సంగతి పోరాటమైంది. 1984లో అక్కడి ప్రభుత్వం దాదాపు 30,000 హెక్టార్ల ఉమ్మడి భూమిని ఒక గుజ్జు కంపెనీకి అప్పగించింది. అందులో ప్రభుత్వానికీ వాటా ఉంది. 1987 నవంబర్ 14న ధార్వాడ జిల్లా కుసునూరులో జనం జామాయిల్ మొక్కలు పీకి, ఆ చోటనే తమకు పనికొచ్చే మొక్కలు నాటారు. ఆ సత్యాగ్రహం పేరు ‘కిత్తికో హచ్చికో’, అంటే పీకు, నాటు. వాళ్ళు చెట్టును వద్దనలేదు. ఏ చెట్టో తాము చెబుతామన్నారు. కొన్నేళ్ళకు ఆ కంపెనీ మూతపడింది. పరిశ్రమ కన్నా ఊరి పేదల అవసరాలే ముందని 1988 అటవీ విధానం ఒప్పుకుంది.

ఒప్పుకోవడం వేరు, హక్కు ఇవ్వడం వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసీలు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉంటే చాలు. అదే అడవిలో బతికే దళితులు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. బడికే రానివ్వని తాతల దగ్గర ఏ కాగితం ఉంటుంది? పట్టా లేని ఆ చెలక ‘ఆక్రమణ’ అవుతుంది, తర్వాత ప్లాంటేషన్ అవుతుంది. ఇక్కడ మన గొడవ ఆదివాసీ హక్కుతో కాదు, ఆ 75 ఏళ్ళ షరతుతో. 2016 పరిహార అడవుల నిధి చట్టంతో మొక్కలకు వేల కోట్లు వచ్చాయి. అందులో గ్రామసభ అనుమతి తప్పనిసరి అన్న మాట లేదు.

మీ ఊళ్ళో ప్లాంటేషన్ బోర్డు కనిపిస్తే నాలుగు సంగతులు అడగండి: సర్వే నంబరు, అంతకుముందు ఆ నేలను వాడుకున్నవాళ్ళు, గ్రామసభ తీర్మానం, కోత డబ్బులో ఊరి వాటా. వీటికి జవాబు లేని అడవి ఎంత పచ్చగా ఉన్నా సుస్థిరం కాదు.

వచ్చే భాగంలో అసైన్డ్ భూముల కథ.