మట్టి బిడ్డలు.. మంచు మొనగాళ్లు

1980 ఫిబ్రవరి 22. అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఐస్ హాకీలో అంతకుముందు వరుసగా నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు ఎగరేసుకుపోయిన సోవియట్ యూనియన్‌ను, కాలేజీ కుర్రాళ్లతో నిండిన అమెరికా జట్టు 4-3తో ఓడించింది. సరిగ్గా 13 రోజుల ముందు న్యూయార్క్‌లో ఇదే సోవియట్ జట్టు చేతిలో 10-3తో చిత్తయిన కుర్రాళ్లు వాళ్లు. అందరూ దాన్ని అద్భుతం అన్నారు. ఇప్పటికీ అలాగే అంటున్నారు.

కానీ ఆ జట్టు జాబితా ముందు పెట్టుకుని చూస్తే సంగతి అర్థమవుతుంది. మొత్తం 20 మంది ఆటగాళ్లలో 9 మంది ఒకే విశ్వవిద్యాలయంలో ఆడినవాళ్లు. కోచ్ కూడా అక్కడివాడే. ఆ విశ్వవిద్యాలయం మిన్నెసోటా. అక్కడి జట్టు పేరు గోల్డెన్ గోఫర్స్. మన రాష్ట్రం జట్టులో మన రాష్ట్రం పిల్లలే ఆడాలని ఒక కోచ్ అంతకు పాతికేళ్ల కిందట పట్టిన పట్టు లేకపోతే ఆ 9 మంది అక్కడ ఉండేవాళ్లు కాదు.

చలి నేర్పిన ఆట

మిన్నెసోటా కెనడాను ఆనుకుని ఉన్న రాష్ట్రం. పదివేలకు పైగా సరస్సులున్నాయి. డిసెంబరు వచ్చిందంటే అవన్నీ గడ్డకడతాయి. ఊళ్లలోనైతే పార్కులనే ఆటస్థలాలుగా మార్చేస్తారు. రాత్రిపూట గొట్టంతో నేల మీద పలచగా నీళ్లు చల్లుతారు. అది గడ్డకట్టాక మళ్లీ ఒక పొర, ఆపైన ఇంకో పొర. ఇలా కొన్ని రాత్రులు చేస్తే మందపాటి మంచుపలక తయారవుతుంది. పక్కనే చిన్న గది, అందులో వెచ్చదనానికి ఏర్పాటు ఉంటుంది. పిల్లలు అక్కడే స్కేట్ల తాళ్లు బిగించుకుని బయటికి దూకుతారు. అక్కడ హాకీ నేర్చుకోవడానికి డబ్బున్న ఇంట్లో పుట్టనక్కర్లేదు, చలికి వెరవకపోతే చాలు.

ఆట నియమాలు తేలికే. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో వైపు ఆరుగురు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల. బరువు దాదాపు 170 గ్రాములు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. మంచు మీద ఆ వేగంతో ఎవరూ ఒక నిమిషానికి మించి ఆడలేరు. అందుకే ఆట ఆగకుండానే ఆటగాళ్లు గుంపులుగా మారిపోతుంటారు. పక్ ఉన్నవాణ్ని భుజంతో గుద్ది పడేయడం కూడా ఆటలో భాగమే.

మన హైదరాబాద్, సికింద్రాబాద్‌లలాగే మినియాపొలిస్, సెయింట్ పాల్‌లనూ జంటనగరాలనే అంటారు. విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. విద్యార్థులు 1890లలోనే హాకీ కర్రలు పట్టినా, విశ్వవిద్యాలయం అధికారికంగా జట్టును నిలబెట్టింది 1921లో. 1939-40 సీజన్లో లారీ ఆర్మ్‌స్ట్రాంగ్ శిక్షణలో ఈ జట్టు ఆడిన 18 ఆటలూ గెలిచి, జాతీయ అమెచ్యూర్ టైటిల్ కూడా సాధించింది. కాలేజీ జట్లకు ఎన్‌సీఏఏ జాతీయ పోటీలు అప్పటికింకా మొదలే కాలేదు, అవి వచ్చింది 1948లో. ఆ అజేయ జట్టు రక్షణ వరుసలో ఒక బండ మనిషి ఉండేవాడు. పేరు జాన్ మారియుచి.

ఇనుప గనుల ఊరివాడు

మిన్నెసోటా ఉత్తరాన మెసాబీ కొండల వరుసలో ఇనుప ఖనిజం దొరుకుతుంది. ఇటలీ, ఫిన్లండ్, స్లొవేనియా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు ఆ గనుల్లో కూలీలయ్యారు. అక్కడి ఎవెలెత్ అనే చిన్న ఊళ్లో, ఇటాలియన్ వలస కుటుంబంలో 1916లో మారియుచి పుట్టారు. గనికార్మికుల పిల్లలకు హాకీయే లోకం. ఆ చిన్న ఊరు ఎంతమంది ఆటగాళ్లను ఇచ్చిందంటే, అమెరికా హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌ను 1973లో అక్కడే తెరిచారు.

చదువయ్యాక మారియుచి వృత్తి ఆటగాడిగా షికాగో బ్లాక్‌హాక్స్‌లో చేరారు, కెప్టెన్ కూడా అయ్యారు. ఆ రోజుల్లో వృత్తి హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి ఆరేడు జట్లే. ఆటగాళ్లలో దాదాపు అందరూ కెనడావాళ్లే. అమెరికాలో పుట్టినవాడికి ఆ తలుపు తెరుచుకోవడం ఎంత కష్టమో ఆయనకు అనుభవంలోనే తెలిసింది. 1952లో తన విశ్వవిద్యాలయానికే కోచ్‌గా తిరిగొచ్చారు.

వచ్చీ రాగానే రెండేళ్లు వరుసగా జట్టును జాతీయ ఫైనల్‌కు తీసుకెళ్లారు. 1953లో మిషిగన్ చేతిలో 7-3తో ఓటమి. 1954లో రెన్సెలార్ పాలిటెక్నిక్ అదనపు సమయంలో 5-4తో కొట్టింది. ఆ జట్టులో మెరిసినవాడు ఎవెలెత్ కుర్రాడు జాన్ మయాసిచ్. 144 గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లూ కలిపితే 298 పాయింట్లు. గోఫర్స్ చరిత్రలో ఈ రికార్డును ఇంతవరకూ ఎవరూ దాటలేదు. 1956లో ఇటలీలోని కోర్టినా ఒలింపిక్స్‌కు మారియుచి అమెరికా కోచ్‌గా వెళ్లి రజతం తెచ్చారు. అక్కడ కెనడాను 4-1తో ఓడించినప్పుడు మూడు గోల్స్ మయాసిచ్‌వే.

ఇంతలో పశ్చిమ ప్రాంతపు కాలేజీ జట్ల తీరు మారిపోయింది. గెలవడానికి దగ్గరి దారి వాళ్లకు దొరికింది. కెనడా జూనియర్ లీగుల్లో ఆడి రాటుదేలిన, వయసులో కాస్త పెద్దవాళ్లయిన కుర్రాళ్లను తెచ్చి కాలేజీలో చేర్చుకోవడమే ఆ దారి. డెన్వర్ విశ్వవిద్యాలయం ఇందులో ముందుంది. హైస్కూలు దాటిన పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ని వాళ్ల మీదికి తోయడం ఏం న్యాయమని మారియుచి ఎదురుతిరిగారు. డెన్వర్‌తో ఆటలు పెట్టుకోవడమే మానేశారు. ఈ గొడవలోనే 1958లో ఈ జట్లు ఆడే లీగ్ విచ్ఛిన్నమైంది. తర్వాత కొత్త పేరుతో మళ్లీ కూడినా, రెండు జట్లూ ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి ఆటలు పెట్టుకోలేదు.

ఆ పట్టుకు ఆయన మూల్యం చెల్లించారు. డెన్వర్ 1958, 1960, 1961లలో జాతీయ టైటిళ్లు గెలిచింది. మారియుచికి 1966లో తప్పుకునేదాకా ఒక్కటీ దక్కలేదు. అయినా ఆయన వేరే పని ఒకటి చేశారు. రాష్ట్రమంతా తిరుగుతూ ప్రతి ఊరికీ రింక్ (మంచు ఆటస్థలం) ఉండాలని, ప్రతి హైస్కూలుకూ జట్టు ఉండాలని పెద్దలను ఒప్పించారు. విశ్వవిద్యాలయం జట్టులో చోటు ఖాయమని తెలిస్తే ఊళ్లో పిల్లవాడు కర్ర పడతాడన్నది ఆయన లెక్క. పదేళ్లు తిరిగేసరికి ఆ లెక్క నిజమని తేలింది.

గురువు నాటాడు, శిష్యుడు కోశాడు

ఆ పిల్లల్లో ఒకడు సెయింట్ పాల్ తూర్పు వాడలో పెరిగిన హెర్బ్ బ్రూక్స్. 1955లో రాష్ట్ర హైస్కూలు టైటిల్ గెలిచిన జాన్సన్ హైస్కూలు జట్టు సభ్యుడు. తర్వాత మారియుచి దగ్గర గోఫర్‌గా ఆడాడు. 1960 ఒలింపిక్ జట్టులో దాదాపు చోటు దక్కినట్టే దక్కి చేజారింది. క్లియరీ సోదరులు, మయాసిచ్ చివర్లో వచ్చి చేరడంతో ఆఖరి నిమిషంలో వేటు పడింది అతని మీదే. ఆ జట్టు స్వర్ణం గెలిచింది. బ్రూక్స్ ఇంట్లో కూర్చుని చూశాడు.

1972లో బ్రూక్స్ కోచ్‌గా వచ్చేనాటికి గోఫర్స్ లీగ్‌లో అట్టడుగున ఉన్నారు. రెండో ఏడాదికే, 1974లో, బోస్టన్‌లో మిషిగన్ టెక్‌ను 4-2తో ఓడించి విశ్వవిద్యాలయానికి తొలి ఎన్‌సీఏఏ టైటిల్ తెచ్చారు. ఇంచుమించు జట్టంతా మిన్నెసోటా పిల్లలే. 1976లో మళ్లీ మిషిగన్ టెక్ మీదే 6-4తో రెండోది గెలిచారు. ఆ ఫైనల్ జరిగింది డెన్వర్ నగరంలో!

ఆ ఏడాది సెమీఫైనల్ గురించి కూడా చెప్పుకోవాలి. ప్రత్యర్థి బోస్టన్ విశ్వవిద్యాలయం. ఆట మొదలైన కాసేపటికే రెండు జట్లూ చేతికి దొరికినవాణ్ని దొరికినట్టు బాదుకున్నాయి. ఆట చాలాసేపు ఆగిపోయింది. ఆ పగ అక్కడితో ఆరలేదు. నాలుగేళ్ల తర్వాత ఒలింపిక్ జట్టులో బోస్టన్ వాళ్లు నలుగురు, గోఫర్లు 9 మంది ఒకే గదిలో కూర్చోవాల్సి వచ్చింది. వాళ్లను కలపడానికి ఆ జట్టుకూ కోచ్ అయిన బ్రూక్స్ ఎంచుకున్న మార్గం, అందరికీ తానే శత్రువు కావడం. 1979 సెప్టెంబరులో నార్వేతో ఆట 3-3తో డ్రాగా ముగిశాక, ఆటలో అలసత్వం చూపారన్న కోపంతో జట్టునంతా అక్కడే రింక్ ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగులు పెట్టించారు. ప్రేక్షకులు వెళ్లిపోయారు, దీపాలు ఆర్పేశారు, అయినా పరుగులు ఆగలేదు.

బ్రోటెన్ బొక్కబోర్లా పడి..

1979 మార్చిలో డెట్రాయిట్‌లో జరిగిన ఫైనల్‌ను గోఫర్ అభిమానులు మరచిపోరు. ఎదుట ఉన్నది పక్క రాష్ట్రపు బద్ధశత్రువు నార్త్ డకోటా. మూడో భాగం మొదట్లో, కెనడా సరిహద్దుకు దగ్గరలోని రోజో అనే ఊరి నుంచి వచ్చిన మొదటి ఏడాది విద్యార్థి నీల్ బ్రోటెన్ పక్ వెంట పరుగెత్తాడు. అందదనిపించగానే ముందుకు దూకాడు. పొట్ట మీద జారుతూనే కర్ర చాచి పక్‌ను లేపాడు. అది గోల్‌కీపర్ మీదుగా లోపలికి వెళ్లింది. 4-3తో గోఫర్స్‌ను గెలిపించిన గోల్ అదే. విశ్వవిద్యాలయం కోచ్‌గా బ్రూక్స్‌కు అదే చివరి ఆట.

మరుసటేడు లేక్ ప్లాసిడ్‌లో ఏం జరిగిందో వరసగా చూడండి. తొలి ఆటలో స్వీడన్ చేతిలో ఓటమి ఖాయమనుకున్న వేళ, 27 సెకన్లు మిగిలుండగా గోల్ కొట్టి 2-2తో కాపాడినవాడు గోఫర్ బిల్ బేకర్. సోవియట్ మీద అమెరికా తొలి గోల్ గోఫర్ బజ్ ష్నైడర్‌ది. స్వర్ణం తేల్చిన ఫిన్లండ్ ఆటలో 1-2తో వెనకబడి ఉంటే, సమం చేసినవాడు ఫిల్ వర్చోటా, ఆధిక్యం తెచ్చినవాడు రాబ్ మెక్‌క్లానహన్. ఇద్దరూ గోఫర్లే. ఒక్క నిమిషం కూడా ఆడకుండా స్వర్ణం అందుకున్న ఆటగాడు ఒక్కడే ఉన్నాడు. అతను రెండో గోల్‌కీపర్ స్టీవ్ జానజాక్, 1979 జాతీయ పోటీల్లో అత్యుత్తమ ఆటగాడు. అతనూ గోఫరే. 1981లో కాలేజీ హాకీలో అత్యున్నతమైన హోబీ బేకర్ పురస్కారాన్ని మొట్టమొదటగా అందుకున్నది నీల్ బ్రోటెన్.

23 ఏళ్ల ఎదురుచూపు

తర్వాతి కాలం సులభంగా నడవలేదు. 1985లో పగ్గాలు అందుకున్న డగ్ వూగ్ మారియుచి మాటను మరింత గట్టిగా పట్టుకున్నారు. జట్టు మొత్తం మిన్నెసోటా పిల్లలే. ఆయన తొలి 12 సీజన్లలోనూ జాతీయ పోటీలకు వెళ్లారు, ఆరుసార్లు ఆఖరి నాలుగు జట్లలో నిలిచారు. టైటిల్ మాత్రం అందలేదు. 1989 ఫైనల్ సొంతగడ్డ సెయింట్ పాల్‌లోనే జరిగింది. అదనపు సమయంలో గోఫర్ల దెబ్బ ఒకటి గోల్ స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది. కాసేపటికే హార్వర్డ్ గోల్ కొట్టి 4-3తో గెలిచింది. హార్వర్డ్ కోచ్ బిల్ క్లియరీ. 1960లో చివర్లో ఒలింపిక్ జట్టులోకి వచ్చిన ఆ సోదరుల్లో ఒకరు!

1999లో వచ్చిన డాన్ లూసియా తలుపు కొద్దిగా తీశారు. పక్క రాష్ట్రం నార్త్ డకోటా నుంచి గ్రాంట్ పొటుల్నీని తీసుకున్నారు. జట్టులో బయటివాడు అతనొక్కడే. 2002 ఫైనల్, మళ్లీ సెయింట్ పాల్, 19 వేలకు పైగా జనం. ప్రత్యర్థి మెయిన్ విశ్వవిద్యాలయం 3-2 ఆధిక్యంలో ఉంది. నిమిషం కూడా మిగలని వేళ మాట్ కోల్‌స్కా స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో విజయ గోల్ కొట్టింది ఆ బయటి కుర్రాడు పొటుల్నీయే. 23 ఏళ్ల కరువు తీరింది. మరుసటేడు ఆస్ట్రియా నుంచి వచ్చిన థామస్ వానెక్ మెరుపులతో న్యూ హాంప్‌షైర్‌ను 5-1తో ఓడించి, వరుసగా రెండో టైటిల్ సాధించారు.

ఇదంతా చూసి మారియుచి సిద్ధాంతం ఓడిపోయిందనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆయన పట్టుబట్టిన రోజుల్లో స్థానిక కుర్రాడికి వేరే దారి లేదు. ఆ దారి ఏర్పడి, రాష్ట్రమంతా రింకులు వెలిశాక, ప్రతిభ ఉన్న బయటివాడు ఒకడొస్తే స్థానికుడికి అన్యాయమేమీ జరగదు. ముందు ఇంటి పునాది వేసి, తర్వాత అతిథులకు తలుపు తీయడం ఇది. వరస తలకిందులైతేనే ముప్పు.

2018లో బాబ్ మొట్జ్‌కో కోచ్‌గా వచ్చారు. 2023 ఫైనల్లో 2-0తో ముందుండి కూడా, అదనపు సమయం మొదలైన 10 సెకన్లకే క్విన్నిపియాక్‌కు గోల్ ఇచ్చి 3-2తో ఓడిపోయారు. ఆనాటి ముందు వరుసలో ఒకడు పిట్స్‌బర్గ్ నుంచి, ఒకడు అరిజోనా నుంచి వచ్చినవాళ్లు. మూడోవాడు జిమ్మీ స్నగ్గరుడ్ మిన్నెసోటా బిడ్డ. అతని తండ్రి వూగ్ కాలంలో ఇదే జట్టుకు ఆడాడు.

గోఫర్స్ ఖాతాలో ఉన్నవి ఐదు ఎన్‌సీఏఏ టైటిళ్లు: 1974, 1976, 1979, 2002, 2003. మూడు బ్రూక్స్‌వి, రెండు లూసియావి. మారియుచి పేరున ఒక్కటీ లేదు. కానీ 1993లో దాదాపు పదివేల మంది పట్టే కొత్త హాకీ భవనం కట్టినప్పుడు విశ్వవిద్యాలయం దానికి పెట్టింది మారియుచి పేరే. ట్రోఫీలు గెలిచినవాళ్లకన్నా ఆటగాళ్లను పుట్టించినవాడు గొప్పవాడని ఆ రాష్ట్రం తీర్పు చెప్పింది. సరైన తీర్పు.