ఆ చివరి మాట విన్నదెవరు?

ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో మిత్రద్రోహం ప్రస్తావన వచ్చినప్పుడల్లా జూలియస్ సీజర్ వృత్తాంతం చెప్పేవాణ్ణి. హంతకుల్లో బ్రూటస్‌ను గుర్తించి, నీవు సైతమా అని వాపోతూ సీజర్ ఒరిగిపోయిన ఘట్టాన్ని కొంత అభినయించేవాణ్ణి కూడా. ఒకనాడు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "అంత గొడవలో ఆ మాట ఎవరు విన్నారండీ మాస్టారూ?" అని అడిగాడు. తరగతి గొల్లుమంది. వాణ్ణి కూర్చోమన్నాను గాని సమాధానం చెప్పలేదు. నాకు తెలియదు గనుక.

పదవీ విరమణ తరువాత తీరిక చిక్కి ఆ సమాధానం వెతుక్కున్నాను. సీజర్ హత్య క్రీ.పూ. 44 మార్చి 15న రోము నగరంలో జరిగింది. దేహంపై 23 గాయాలు. సుమారు నూట అరవై ఏళ్ళ తరువాత ఆ చరిత్ర రాసిన స్యూటోనియస్, తొలి పోటుకు మూలిగాడే తప్ప సీజర్ ఏమీ పలకలేదన్నాడు. బ్రూటస్‌ను గ్రీకు భాషలో బిడ్డా అని సంబోధించి ప్రశ్నించాడని కొందరంటారనీ చేర్చాడు. బ్రూటస్‌ను చూడగానే సీజర్ ఉత్తరీయం తలమీదికి లాక్కున్నాడని ప్లుటార్క్ చెప్పాడు. మనకందరికీ కంఠస్థమైన ఆ మూడు లాటిన్ మాటలను లోకమంతటా వ్యాపింపజేసింది మాత్రం పదహారో శతాబ్దం చివర షేక్‌స్పియర్ రాసిన నాటకం. నేను ఇన్నేళ్ళూ చరిత్ర అనుకొని చెప్పినది నాటకమన్నమాట!

సోక్రటీసు సంగతి ఇంకొక రకం. క్రీ.పూ. 399లో ఏథెన్సు చెరసాలలో విషం తాగి, కాళ్ళ నుండి శరీరం చల్లబడుతూ ఉండగా, వైద్యదేవత అస్‌క్లేపియస్‌కు ఒక కోడిపుంజు బాకీ ఉన్నామనీ, మరవకుండా తీర్చమనీ మిత్రుడు క్రీటోతో చెప్పాడట. తీరుస్తానని క్రీటో చెప్పి, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. బదులు లేదు. రోగం నయమైనవారు ఆ దేవతకు కోడిని అర్పించడం అక్కడి ఆచారం. కనుక మరణమే చికిత్స అని ఆయన భావమని కొందరు పండితులు వ్యాఖ్యానించారు. నిజంగానే మొక్కుబడి బాకీ అన్నవారూ ఉన్నారు. ఇదంతా రాసిన ప్లేటో ఆ సమయంలో అక్కడ లేడు. అనారోగ్యం వల్ల రాలేదని అతని గ్రంథంలోనే ఉంది.

ఈ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. మా అమ్మగారు కన్నుమూసినప్పుడు నేనూ దగ్గర లేను. పరీక్షల విధులలో పొరుగూరిలో ఉన్నాను. చివరికి నా పేరే తలచిందని అక్కయ్య చెప్పింది. పాలవాడికి ఇవ్వవలసిన డబ్బులు ఇమ్మని చెప్పిందని పొరుగింటి పిన్నిగారు అన్నారు. ఇన్నేళ్ళూ నేను అక్కయ్య మాటనే పట్టుకొని ఊరట చెందాను. దూరాన ఉన్న తమ్ముడికి అక్కయ్య ఇవ్వగలిగినది ఆ ఊరటే. అయితే ఎవరికీ ఋణపడకుండా బతికిన మా అమ్మ స్వభావానికి పిన్నిగారు చెప్పిన మాటే దగ్గరగా ఉన్నదని ఇప్పుడు తోస్తున్నది.

మహనీయుల అంత్యవాక్కులు చాలావరకు ఇలా బతికి ఉన్నవారి అవసరం కొద్దీ నిలిచినవే. వాటిని చెప్పుకోవడంలో తప్పు లేదు. ఎవరు విన్నారని అడిగిన పిల్లవాణ్ణి కూర్చోమనడమే తప్పు.

క్రీటో కోడిపుంజును అర్పించే ఉంటాడు. పాలవాడి బాకీ నేను తీర్చానో లేదో ఎంత ఆలోచించినా జ్ఞాపకం రావడం లేదు.