దివిసీమ యానాదులు

మచిలీపట్టణపు చరిత్రమును చెప్పునపుడు మనము డచ్చివారి వర్తకశాలను, ఆంగ్లేయుల కోటను, కలంకారీ వస్త్రములను తలచుకొందుము. గుడివాడలో బౌద్ధస్తూపపు దిబ్బను, దివిసీమలో శ్రీకాకుళాంధ్రమహావిష్ణువు కోవెలను చూపింతుము. ఈ ప్రాంతముననే కాలువగట్ల వెంబడి తాటాకు గుడిసెలు వేసికొని తరతరములుగా బ్రదుకుచున్న యానాదుల మాట మాత్రము మన గ్రంథములలో ఒకటి రెండు పంక్తులకు మించదు. నేటి ప్రసంగము వారిని గూర్చినది.

యానాది శబ్దము 'అనాది' నుండి వచ్చినదని కొందరందురు. వారి భాష తెలుగే. వారికి ముఖ్యస్థానము నెల్లూరుసీమ. శ్రీహరికోట దీవి 1835 లో కుంపిణీ ప్రభుత్వము వశమైన నాటికే అక్కడి యానాదులు అడవినుండి తేనె, మైనము, చిరివేరు సేకరించుచుండిరి. చిరివేరు మన బందరు అద్దకమునకు ఎఱుపునిచ్చిన వేరే. 1869 తరువాత రసాయనికముగ చేసిన రంగు వచ్చి ఆ వేరునకు గిరాకి పోయినది.

కృష్ణానదికి బెజవాడయొద్ద 1852 లో మొదలిడిన ఆనకట్ట 1855 లో పూర్తియైనది. కాలువలు పారిన మేర వరి పెరిగినది. వరితోపాటు ఎలుకయు పెరిగినది. ఎలుకను పట్టుటలో యానాదికి సాటి లేడు. కోతల కాలమున ఆలుమగలిరువురు గడ్డపార, కుండ తీసికొని పొలమునకు వత్తురు. కన్నములను వెదకి ఒకటి తప్ప తక్కినవానిని మట్టితో మూయుదురు. అడుగున చిల్లుగల కుండలో గడ్డి కూరి నిప్పంటించి, కుండమూతిని కన్నమునకు ఆనించి, చిల్లునుండి ఊదుదురు. పొగకు ఎలుక ఉక్కిరిబిక్కిరి కాగా త్రవ్వి పట్టుదురు. అది దాచుకొన్న వరివెన్నులు పట్టినవారివే. వెదురుబద్దల బుట్టలను ఎరపెట్టి గట్లపై నాటుటయు కలదు. ఏ కన్నమున ఎలుక ఉన్నదో, ఏది పామునకు నెలవైనదో వాకిట మట్టిని చూచియే చెప్పుదురు. ఆంగ్లమున 'బాండికూట్' అను శబ్దము మన పందికొక్కే. ఆ మాట సముద్రములు దాటి నిఘంటువుల కెక్కినది. దానిని పట్టువాని పేరు ఎవరడిగిరి?

రైతు ధాన్యపురాశికి కావలి యుంచినదియు యానాదినే, రాశి తరిగినచో మొదట అనుమానించినదియు యానాదినే. ఇది మన సమాజపు విచిత్రము. 1871 నాటి నేరజాతుల చట్టము 1911 లో సవరింపబడి మద్రాసు రాజధానికిని వర్తించెను. యానాదులును దాని పాలబడిరి. నేరము చేయనివాడు సైతము పుట్టుకచేతనే పోలీసు పట్టికకెక్కి, వేలిముద్ర లిచ్చి, ఠాణాలో హాజరు పలుకవలసి వచ్చెను. నెల్లూరు వాస్తవ్యులు వెన్నెలకంటి రాఘవయ్యగారు వారి పక్షమున చిరకాలము పోరాడిరి. 1962 లో వారినిగూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును వ్రాసిరి. చట్టము మద్రాసు రాష్ట్రమున 1947 లోను, దేశమంతట 1952 లోను రద్దైనది. అనుమానము అంత త్వరగా రద్దు కాలేదు.

ఆచారములయందు వారు మనకంటె ఉదారులని ఒప్పుకొనవలెను. వితంతువు మరల పెండ్లియాడుటకు అడ్డు లేదు. పొసగని దంపతులు విడిపోవచ్చును. చెంచుదేవుని కొలుతురు, రంగము చెప్పుదురు. మూలికల గుణములు వారికి కరతలామలకములు.

శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9 న తొలి రాకెట్టు ఎగసినది. ఆ కేంద్రము కొరకు యానాదులలో పలువురు దీవిని విడువవలసి వచ్చినది. 1977 నవంబరు 19 న ఉప్పెన దివిసీమను ముంచెను. సర్కారు లెక్కలోనే సుమారు పదివేలమంది మృతులు. ఎత్తైన యిల్లు లేని పేదలకే ఆ రాత్రి ఎక్కువ కష్టము కలిగినది.

2001 జనగణనలో రాష్ట్రమున యానాదులు నాలుగున్నర లక్షలకు పైబడియుండిరి. నేడును నాగాయలంక, కోడూరు ప్రాంతముల మడ అడవులలో ఆటుపోటుల వేళ లెరిగి, మోకాలిలోతు బురదలో నడచి, కొక్కెము గల ఇనుప ఊచతో బొరియనుండి మండపీతను లాగువారిలో వారును కలరు. డెక్కలను త్రాట కట్టిన ఆ పీత ప్రాణముతోనే చెన్నైమీదుగా సింగపూరు వంటి దూరదేశములకు పోవును. పట్టినవాని బేరము మాత్రము ఆ గట్టుమీదనే తెగును.