పద్మనాభం: ముప్పావు గంట యుద్ధం, పేర్లు మిగలని సైనికులు

విశాఖపట్నం జిల్లాలో గోస్తనీ నదికి చేరువనున్న పద్మనాభం, కొండమీది అనంత పద్మనాభస్వామి వల్లనూ, కొండ దిగువనున్న కుంతీమాధవస్వామి వల్లనూ యాత్రాస్థలంగా పేరుపొందినప్పటికీ, చరిత్రలో ఈ ఊరికి చోటు కల్పించినది 1794 జూలై 10వ తేదీ తెల్లవారుజామున ఇక్కడ ముప్పావు గంటలో ముగిసిన యుద్ధం.

ఆ యుద్ధానికి మూలం పేష్కష్, అనగా జమీందారు తన ఏలుబడిలోని భూములకు పై ప్రభుత్వానికి ఏటా చెల్లించవలసిన కప్పం. విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు ఎనిమిదిన్నర లక్షల రూపాయల మేర బకాయి పడ్డాడని లెక్క తేల్చిన ఈస్టిండియా కంపెనీ, జమీందారీని స్వాధీనం చేసుకొని, నెలకు 1,200 రూపాయల భరణం పుచ్చుకొంటూ మచిలీపట్నంలో ఉండవలసిందని ఆయనను ఆదేశించింది. పుట్టి పెరిగిన సీమను విడిచి పొమ్మనడం భరణంతో తీరే అవమానం కాదు గనుక, ఆయన మచిలీపట్నం దారి పట్టక, విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమనున్న పద్మనాభంలో దాదాపు నాలుగు వేల మందితో విడిది చేశాడు.

లెఫ్టినెంట్ కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపించిన సిపాయిలు, అనగా కంపెనీ జీతం తిని పోరాడిన ఈ దేశపు సైనికులు, ఆ విడిదిపై దాడి చేశారు. నాటి లెక్కల ప్రకారం రాజు పక్షాన 309 మంది నేలకూలగా, తుపాకి గుండు తగిలి ఒరిగిన ప్రభువు దేహం చుట్టూ ఆయన ముఖ్య అనుచరుల శవాలు గుట్టగా పడి ఉన్నాయి. చెల్లాచెదురై పారిపోయిన సేనలో మనుషులు అలా ఒక్కచోట పడి ఉండరు; ప్రాణం దక్కించుకొనే వీలుండి కూడా వారు ప్రభువును వీడలేదనడానికి ఈ ఒక్క వివరం చాలు. ఎదుటి పక్షాన మరణించిన 13 మంది సిపాయిలు కూడా ఈ నేల బిడ్డలే గనుక, వారిని పరాయివారిగా లెక్కించి పక్కన పెట్టడం న్యాయం కాదు.

యుద్ధానంతరం కంపెనీ జమీందారీ విస్తీర్ణాన్ని తగ్గించి, రాజకుమారుడైన నారాయణ బాబుకు తిరిగి అప్పగించింది. విజయనగరం వారికీ బొబ్బిలి వారికీ నడుమ 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధం బుర్రకథల్లోనూ నాటకాల్లోనూ తెలుగు దేశమంతటా మారుమోగగా, ముప్పై ఏడేళ్ల తరువాత అదే విజయనగర వంశీయుడు కంపెనీని ఎదిరించి ప్రాణమిచ్చిన ఈ యుద్ధం చుట్టుపక్కల ఊళ్ల జ్ఞాపకానికే పరిమితమైంది. పద్మనాభంలో చిన విజయరామరాజు సమాధి నేటికీ ఉన్నది. ఆయనను చుట్టుకొని పడిపోయిన వారిలో రాచకుటుంబాల వారి సంగతి కొంతైనా తెలుస్తుండగా, వారితోపాటు బల్లెమో కత్తో పట్టి నిలిచిన సామాన్య బంటు ఏ ఊరివాడో, ఎవరి కొడుకో చెప్పే రాయి ఒక్కటీ ఆ సమాధి పక్కన లేదు.