గొంతు వెనక ఉన్న ఉస్తాదులు

నేను విలేకరిగా చేరిన కొత్తలో, విజయనగరం బాబామెట్ట వైపు ఒక బూఢే చాచా పరిచయమయ్యారు. జిందగీ అంతా షాదీ బ్యాండుల్లో క్లారినెట్ వాయించారు. సినిమా పాటని బ్యాండుకు తగ్గట్టు కట్టడం, ఎవరు ఎక్కడ అందుకోవాలో నేర్పడం ఆయన పని. టేప్‌రికార్డర్‌లో 'మల్లీశ్వరి' క్యాసెట్ పెట్టి, "గొంతు వినకు బేటా, గొంతు వెనక ఎవరున్నారో విను" అన్నారు. మౌసిఖీలో నాకదే పెహలా సబక్. ఉర్దూ మీడియంలో చదివిన నాకు గజల్ లఫ్జులు తెలుసు గానీ సాజ్ వినడం తెలీదు.

ఆ రోజుల్లో ట్రాకులు విడివిడిగా తీసి అతికించే సౌలత్ లేదు. గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి పాడి వాయించాలి. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి. చరణానికి ముందు వయొలిన్లు రావాలా, ఫ్లూట్ రావాలా, గాయని శ్వాస తీసుకునే ఆ ఖాళీని ఏ వాద్యం నింపాలి... అన్నీ ముందే తయ్ కావాలి. అది చేసేవాడే అరేంజర్.

ఈ హునర్‌లో మన ఇలాకాకు పెద్ద హిస్సా ఉంది. విజయనగరంలో 1919లో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఫార్సీ నుంచి సంస్కృతంలోకి, తెలుగులోకి తెచ్చిన మనిషి ఆయనే. అక్కడే ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పారు. ద్వారం కచేరీల్లో మృదంగం వాయించిన సాలూరి సన్యాసిరాజు కొడుకే రాజేశ్వరరావు. సాలూరు దగ్గర శివరామపురంలో 1922లో పుట్టారు. 1935లో 'శ్రీకృష్ణ లీలలు'లో బాలకృష్ణుడిగా నటించారు. తర్వాత కలకత్తా వెళ్లి కె.ఎల్. సైగల్ సోహబత్‌లో హిందుస్తానీ నేర్చుకున్నారు. ఆర్.సి. బోరాల్, పంకజ్ మల్లిక్ వాద్యబృందాన్ని నడిపే తరీఖా దగ్గర నుంచి చూశారు. ఆ తాలీమ్ 1948 'చంద్రలేఖ'లో, 1951 'మల్లీశ్వరి'లో వినిపిస్తుంది.

నేను ఇదంతా వ్యాసంగా రాసి ఖుషీగా చాచాకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు. చాలాసేపు ఖామోష్‌గా ఉన్నారు. తర్వాత ఒకే మాట: "అద్దేపల్లి ఏడీ?"

'మల్లీశ్వరి' వాద్యగోష్ఠి అద్దేపల్లి రామారావు చేతి పని. ఆ సంగతి నాకు మొదటి రోజే చెప్పింది చాచానే. అయినా రాయలేదు. బాణీ కట్టినవారి పేరు చాలనుకున్నాను. గొంతు వెనక వినమంటే విన్నాను గానీ, కలం పట్టేసరికి నేనూ అందరిలాగే ముందు నిలబడ్డవారినే చూశాను.

"మరి మీ పేరు కూడా రాస్తాను చాచా" అన్నాను, షర్మిందా అయి.

"నాది వద్దు. నాకు నేర్పినోళ్లవి రాయి. ఉస్తాద్ నామ్ మరిచిపోతే నేర్చుకున్నది చోరీ అవుతుంది బేటా."

ఆ గల్తీ దిద్ది మళ్లీ అచ్చు వేయించేసరికి చాచా ఇంతఖాల్ అయ్యారు. ఆయన మాట ప్రకారమే ఇక్కడా ఆయన పేరు రాయడం లేదు. మీ ఇంట్లో పిల్లలు పాత పాట పెడితే ఒక్కసారి అడగండి, ఎవరు పాడారని మాత్రమే కాదు, ఎవరు వాయించారు, ఎవరు కూర్చారని. జవాబు తెలియకపోతే కలిసి వెతకండి. అద్దేపల్లి పేరు ఈసారి నేను రాశాను చాచా.