ఆగ్స్‌బర్గ్‌లో కుదిరిన ఒడంబడిక

1518 అక్టోబరులో విచారణకు ఆగ్స్‌బర్గ్ వచ్చిన మార్టిన్ లూథర్, సెయింట్ ఆన్నా మఠంలో బస చేశాడు. పోప్ ప్రతినిధి కార్డినల్ కాజెటాన్ ఎంత ఒత్తిడి చేసినా మాట మార్చుకోలేదు. చివరికి ఓ రాత్రి ఊరు దాటిపోయాడు. పాపక్షమాపణ పత్రాల దగ్గర మొదలైన తగాదా, మనిషి రక్షణ పొందేది దేనివల్ల అన్న ప్రశ్న దాకా పాకింది. విశ్వాసంవల్లనే, సత్క్రియలవల్ల కాదన్నాడు లూథర్. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1547లో, కేథలిక్కుల ట్రెంట్ మహాసభ 33 ఖండనలతో జవాబిచ్చింది. ఆ తర్వాత నాలుగు శతాబ్దాలు ఎవరి పీఠం వారిదే.

1980లో పోప్ రెండో జాన్ పాల్ జర్మనీ పర్యటన తర్వాత ఆ దేశపు పండితులు సూటి ప్రశ్న ఒకటి వేసుకున్నారు: ఆనాటి శాపాలు ఈనాడు ఎదుటనున్నవారికి తగులుతాయా? చాలామటుకు తగలవని 1986లో తేల్చారు. ఇలాంటి సంభాషణల ఫలంగానే లూథరన్లు, కేథలిక్కులు కలిసి చేసిన 44 పేరాల ఉమ్మడి ప్రకటన తయారైంది.

దాని అల్లిక చూడాలి. ప్రతి అంశంలో ముందు ఇద్దరూ కలిసి ఒప్పుకునేది, ఆపైన లూథరన్లు నొక్కి చెప్పేది, కేథలిక్కులు నొక్కి చెప్పేది. సత్క్రియల సంగతే తీసుకోండి. అవి రక్షణకు వెల కావు, కృప పొందినవారిలో కాసే ఫలాలు అని ఇద్దరూ ఒప్పుకున్నారు. కేథలిక్కులు వాటికి పరలోకంలో ప్రతిఫలం ఉందంటారు. అదికూడా దేవుడిచ్చే వరమేనంటారు. లూథరన్లు మనిషి తన పనులను చూసుకుని ధైర్యపడకూడదంటారు. సత్క్రియలు చులకనవుతాయేమోనని ఒకరి భయం, కృప చులకనవుతుందేమోనని మరొకరి భయం. రెండూ భక్తిలోంచి పుట్టిన భయాలే. వాటిని గుర్తించడమే ఈ ప్రకటన చేసిన అసలు పని అని నా నమ్మకం.

అయినా 1998లో అంతా చెడేటట్టే కనిపించింది. జర్మనీలో వందకు పైగా ప్రొటెస్టెంట్ ఆచార్యులు వ్యతిరేకించారు. వాటికన్ కూడా జూన్‌లో సందేహాలు లేవనెత్తింది. నీతిమంతుడిగా తీర్చబడినవాడు ఇంకా పాపిగానే ఉంటాడన్న లూథరన్ల మాట దానికి మింగుడుపడలేదు. ఆ నవంబరులో వాటికన్‌కు చెందిన కార్డినల్ రాట్జింగర్, రెగెన్స్‌బర్గ్‌లోని తన అన్నగారింట్లో లూథరన్ బిషప్ యొహానెస్ హాన్సెల్‌మాన్ వగైరాలతో కూర్చుని చిక్కులు విప్పారు. అలా ప్రకటనకు ఒక అనుబంధం చేరింది.

1999 అక్టోబరు 31న అదే ఆగ్స్‌బర్గ్‌లో సంతకాలయ్యాయి. లూథరన్ ప్రపంచ సమాఖ్య తరఫున బిషప్ క్రిస్టియన్ క్రౌజె, వాటికన్ తరఫున కార్డినల్ ఎడ్వర్డ్ కాసిడీ చేశారు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఎవాంజలికల్ లూథరన్ సంఘమూ ఆ సమాఖ్యలోదే కాబట్టి ఇది మన పల్లెల విశ్వాసులకూ సంబంధించిన సంగతి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు కూడా కలిశాయి. ప్రభువు బల్ల దగ్గర మాత్రం కేథలిక్కులు, లూథరన్లు ఇప్పటికీ వేరువేరుగానే కూర్చుంటున్నారు. సంఘం, పరిచర్య, సంస్కారాల గురించి ఇంకా తేలాల్సింది చాలా ఉంది.